మోగని గంట

ఆ సీజను మొదలై పది రోజులు కూడా కాలేదు, మా బావకు పక్కనున్నవేవీ కనిపించటం లేదని నాకు తెలిసిపోయింది.

బావ లాంచీ సరంగు. నేను అదే లాంచీలో గైడును. వానలు తగ్గి నది నిండుగా ఉన్నప్పుడు మొదలై, నీళ్ళు తీసి ఇసుక తేలేదాకా నాలుగు నెలలు మా సీజను. దారి పొడవునా ఒడ్డు మీద ఐదు పాత గుళ్ళు. మిగతా లాంచీల్లో లాగా మా దాంట్లో పాటలూ డాన్సులూ ఉండవు. మెల్లగా పోతుంది. జనం రెయిలింగు పక్కన కుర్చీలు వేసుకుని, గుళ్ళు వాటంతటవే దగ్గరికొచ్చి దాటిపోతుంటే చూస్తూ కూర్చుంటారు. కొందరు కళ్ళు తుడుచుకుంటారు. ఎందుకని మేం అడగం. కంపెనీ వాళ్ళు దానికి మౌన విహారం అని పేరు పెట్టారు. "అందరూ మౌనంగా ఉండాలంటే ముందు నీ మైకు పీకేయాలే" అని బావ నన్ను ఏడిపించేవాడు.

డెక్కు ముందు భాగంలో చుట్టూ అద్దాలున్న చిన్న గది. అందులో చక్రం ముందు బావ. తలుపు పక్కనే మైకుతో నేను. ఇంజిన్ ఎక్కడో అడుగున. అక్కడ ఉండేది ఇంజిన్ మామయ్య. మాకు చుట్టమేం కాదు, చిన్నప్పటి నుంచీ అలా పిలవటం అలవాటైపోయింది. బావ తల పక్కన ఒక తాడు వేలాడుతుండేది. అది లాగితే కింద ఇంజిన్ దగ్గర గంట మోగుతుంది. ఒకసారి మోగితే ఆపమని, రెండుసార్లు మోగితే వెనక్కి నడపమని. పైన ఉన్నవాళ్ళకు ఆ చప్పుడు వినపడదు. అంత ఇంజిన్ మోతలోనూ మామయ్యకు వినపడుతుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్క గంట తప్పిపోలేదని ఆయనకు గొప్ప. "మా ఆవిడ మూడుసార్లు పిలిస్తే గాని పలకను. గంటకైతే సగం మోగేసరికే పలుకుతాను" అనేవాడు.

ఆ రోజు నేను టీ తీసుకెళ్ళి బావ మోచేతి పక్కన గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

"బావా, టీ."

ఆయన నదిలోకే చూస్తున్నాడు.

"టీ బావా, చల్లారిపోతోంది."

"ఇందాకట్నుంచీ టీ టీ అంటావు, ఇవ్వవేం?"

వేళాకోళం అనుకుని నవ్వబోయాను. ఆయన ముఖంలో నవ్వు లేదు. గ్లాసు మెల్లగా ఆయన ముక్కుకెదురుగా తెచ్చాను. అప్పుడు అందుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

మొదటి గుడి దాటిపోయేదాకా చక్రం తిప్పుతూ టీ తాగాడు. ఆ తర్వాత, "పోయిన సీజను ఆఖర్నుంచి. ఎదురుగా ఉన్నవి బ్రహ్మాండంగా కనిపిస్తాయే. పక్కలే లేవు. గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది" అన్నాడు.

"డాక్టరుకు చూపించుకోలేదా?"

"చూపించుకుంటే కాగితం రాస్తాడు. కాగితం రాస్తే చక్రం తీసేసుకుంటారు."

"అక్కకి?"

"మీ అక్కకు చెప్తే నన్ను మంచం దిగనిస్తుందా? ఈ ఒక్క సీజను కానీ. తర్వాత నా అంతట నేనే దిగిపోతాను. నా మీద ఒట్టు, చెప్పకు."

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అక్క పెళ్ళి చేసుకుని వస్తూ నన్నూ వెంట తెచ్చుకుంది. నాకు ఈత నేర్పిందీ, బడిలో వేసిందీ బావే. మైకు పట్టిన మొదటి రోజు గొంతు పెగలక నిలబడిపోతే, చక్రం తిప్పుతూనే "వాళ్ళకి చెప్పకు, నాకు చెప్పు" అని ధైర్యం ఇచ్చిందీ ఆయనే. చెప్పనని మాటిచ్చాను.

మర్నాటి నుంచి నేను నిజంగానే ఆయనకు చెప్పటం మొదలుపెట్టాను. మైకులో నా మాటలు మారిపోయాయి. "కుడి చేతి వైపు చూడండి, చేపల పడవ, మనకు చాలా దగ్గరగా వస్తోంది." "ఎడమ పక్కన ఒడ్డు ముందుకు పొడుచుకొచ్చిన చోట రెండో గుడి మెట్లు మొదలవుతాయి, గమనించండి." జనం తలలు అటు తిప్పేవాళ్ళు. బావ చక్రం ఇటు తిప్పేవాడు. చూసే వాళ్ళకు అందులో వింతేమీ కనిపించేది కాదు. దిగేటప్పుడు సందర్శకుల పుస్తకంలో ఒక పెద్దమనిషి, 'గైడు కళ్ళకు కట్టినట్టు చెప్పింది' అని రాశాడు. అది చదివి నేనూ బావా పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఇంట్లో దాచటం కష్టమైంది. మాది కంపెనీ ఇచ్చిన మూడు గదుల ఇల్లు, ఒకరి దగ్గు ఇంకొకరికి వినపడేంత. రెండో నెలలో ఒక సాయంత్రం అక్క బట్టలు మడతపెడుతూ నన్ను పిలిచింది.

"మీ బావ ఈ మధ్య ఒళ్ళు తెలీకుండా నడుస్తున్నాడే. తలుపు కొట్టుకుని భుజం వాచిపోయింది. మొన్న స్టూలు మీద పడబోయాడు. ఏమైంది మనిషికి?"

"వయసక్కా. యాభై దాటలేదూ?"

"యాభైకే ముసలాడా! మన తాత డెబ్భైలో సైకిలు తొక్కాడు." అక్క నా ముఖంలోకి చూసింది. "నీకేమైనా చెప్పాడా?"

"నాకేం చెప్తాడు? పగలంతా చక్రం, నేను మైకు. మాట్లాడుకునే తీరిక ఎక్కడిది?"

అక్క మడతపెట్టిన బట్టలు తీసుకెళ్ళి అరలో పెట్టేసింది. మర్నాడు పొద్దున చూస్తే, నడవలో ఉన్న స్టూలూ, కుండీలూ, చెప్పుల అరా అన్నీ తీసి గోడ వారకు సర్దేసింది. వయసు మీద పడిన మొగుడికి దారి ఇచ్చానని అనుకుంది పాపం.

మూడో నెలకు నీళ్ళు తగ్గాయి. మూడో గుడికీ నాలుగో గుడికీ మధ్య నది వంపు తిరుగుతుంది. ఆ వంపులో ఎడమ పక్కన ఎప్పుడో మునిగిపోయిన రాతి మంటపం ఒకటుంది. నిండు నదిలో దాని మీదుగానే పోవచ్చు. నీళ్ళు తగ్గాక స్తంభాల తలలు జానెడు లోతుకు వచ్చేస్తాయి. అక్కడ గుర్తుగా ఎర్ర పీపా ఒకటి కట్టి ఉంచుతారు. లాంచీ వంపు తిరిగేసరికి అది పూర్తిగా పక్కకు పడుతుంది. అంటే బావకు అది లేనట్టే. వంపు రాకముందే నేను, "ఎడమ చేతి వైపు ఎర్ర పీపా చూడండి, దాని కిందే మునిగిన మంటపం" అనాలి. అంటే ఆయన కుడికి కోస్తాడు. ఇరవై రోజులుగా ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ రోజు ముందు వరసలో ఒక పెద్దావిడ కూర్చుంది. భర్త పోయిన ఏడాదికి, ఆయనతో కలిసి తిరిగిన చోటు మళ్ళీ ఒంటరిగా చూడటానికి వచ్చానని ఎక్కేటప్పుడే చెప్పింది. మూడో గుడి దాటగానే ఆవిడ చెయ్యెత్తి అడిగింది.

"అమ్మాయ్, ఆ నాలుగో గుడి సగంలోనే ఆపేశారని మావారు చెప్పేవారు. ఎందుకు ఆపేశారు?"

ఆ కథంటే నాకు ప్రాణం. పెద్ద శిల్పి ఎలా జబ్బుపడ్డాడో, శిష్యులు ఆయన లేచి వస్తాడని పనిముట్లు గూట్లోనే ఉంచి ఎన్నేళ్ళు ఎదురుచూశారో, చివరికి ఆయన చెక్కిన గీత మీద ఇంకొకరి ఉలి పడకూడదని ఎలా వదిలేసి వెళ్ళారో చెప్పటం మొదలుపెట్టాను. అందులో ఎంత నిజమో నాకూ తెలియదు. నలభై మంది ఊపిరి బిగబట్టి వింటున్నారు. పెద్దావిడ కళ్ళు నా మీదే ఉన్నాయి. అంతమంది నా నోటి వంక చూస్తుంటే ఆ మౌనం నాకు మత్తులా ఎక్కింది. ఇంకో రెండు మాటలు కల్పించాను. గొంతు తగ్గించి, ఆగి, మళ్ళీ అందుకున్నాను.

అడుగున రాయి గీసుకుపోయిన చప్పుడు పళ్ళల్లోకి పాకింది. లాంచీ ఒక పక్కకు ఒరిగి, గట్టిగా కుదిపి, నిలిచిపోయింది. కుర్చీలు దొర్లాయి. కుదుపు తెలిసి కింద మామయ్య తనంతట తనే ఇంజిన్ ఆపేశాడు. నేను అద్దాల గదిలోకి చూశాను. బావ రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయి. తాడు ఊగటం కూడా లేదు.

ఎర్ర పీపా మా వెనక, ఎడమ పక్కన, నింపాదిగా తేలుతోంది.

లాంచీకి పెద్ద దెబ్బేం తగల్లేదు. పెద్దావిడకు మాత్రం తుంటి ఎముక విరిగింది. ఇంకో పడవ వచ్చి తీసుకెళ్ళేదాకా నా చెయ్యి పట్టుకునే ఉంది. "కథ పూర్తి చెయ్యలేదు నువ్వు" అంది, నొప్పిలో నవ్వటానికి ప్రయత్నిస్తూ.

రేవులో మేనేజరు పరుగెత్తుకొచ్చి బావను అడిగాడు, "గంట కొట్టలేదా?" అని. బావ నోటి నుంచి, "కొట్టాను. ఇంజిన్ వెనక్కి తిరగలేదు" అన్న మాట జారిపోయింది. జారిందనే అంటాను. ఆలోచించి అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ జారిన మాటను మళ్ళీ ఎత్తుకోలేదు.

విచారణ వారం తర్వాత. ముందు రోజు సాయంత్రం భోజనాల దగ్గర అక్క అంది, "నువ్వు పక్కనే ఉన్నావుగా. చూసింది చూసినట్టు చెప్పు. అంతకన్నా ఏం కావాలి?"

అక్క మొగుడి మాట నమ్మింది. బావ కంచంలో అన్నం కలుపుతున్నాడు. నన్ను చెప్పమని అడగలేదు, చెప్పొద్దనీ అనలేదు. ఆ తర్వాత చాలా రోజులు, బావ కోసమే చేశానని, అక్క కోసమే చేశానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. గంట సంగతి తవ్వితే కళ్ళ సంగతి వస్తుంది. కళ్ళ సంగతి వస్తే, ఆ రోజు నేను అనాల్సిన ఒక్క మాట అనలేదన్న సంగతి వస్తుంది.

ఆఫీసు గదిలో పొడవాటి బల్ల, అవతల అధికారి, పక్కన రాసుకునే గుమాస్తా. బావ కుర్చీలో. ఇంజిన్ మామయ్య కూర్చోమన్నా కూర్చోకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు, గోళ్ళల్లో మాత్రం గ్రీజు నలుపు అలాగే ఉంది.

"గంట మోగలేదు సార్," అని ఆయన అప్పటికే చెప్పి ఉన్నాడు. "మోగితే నేను వినకపోవటం ఉండదు."

అధికారి నన్ను అడిగాడు. "తాడు లాగటం మీరు చూశారా?"

"చూశాను."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

అంతే. ఇంకో ప్రశ్న వేస్తాడని చూశాను. వెయ్యలేదు.

మామయ్య నా వైపు తిరిగాడు. కోపం వస్తుందనుకున్నాను. కోపం లేదు. తెలిసిన వీధిలో దారి తప్పినవాడిలా ఉన్నాడు.

"రెండుసార్లు లాగాడామ్మా? నువ్వు చూశావా?"

"చూశాను మామయ్యా."

ఆయన అధికారి వైపు తిరిగి అన్నాడు. "అయితే మోగే ఉంటుంది సార్. ఈ పిల్ల అబద్ధం చెప్పదు. నాకే వినపడలేదేమో."

గుమాస్తా అదీ రాసుకున్నాడు.

తాడూ గంటా పరీక్షించారు, బాగానే ఉన్నాయి. మామయ్యను చెవుల డాక్టరు దగ్గరికి పంపారు. ఇరవై రెండేళ్ళు ఇంజిన్ పక్కన బతికిన వాడికి వినికిడి ఎంతో కొంత తగ్గకుండా ఎలా ఉంటుంది? డాక్టరు అదే రాశాడు. ఆయన్ను ఇంజిన్ నుంచి తప్పించారు.

లాంచీ మళ్ళీ నడిచింది. బావ చక్రం, నా మైకు, కింద కొత్త మనిషి. నేను పీపా మాట ఒకటికి రెండుసార్లు చెప్పేదాన్ని. శిల్పి కథ మానేశాను. బావా నేనూ అవసరమైనంత వరకే మాట్లాడుకునేవాళ్ళం. ఆయన భోజనం తగ్గిపోయింది. ఒక రోజు దిగేటప్పుడు, "మామయ్య ఎలా ఉన్నాడో" అన్నాడు ఎటో చూస్తూ. నేను విననట్టు ముందుకు నడిచాను.

సీజను ఇంకో పదిహేను రోజుల్లో ముగుస్తుందనగా, ఉండబట్టలేక మామయ్య ఇంటికి వెళ్ళాను. భార్య తలుపు తీసింది.

"రామ్మా. కాస్త గట్టిగా మాట్లాడు, ఆయనకి వినపడదు కదా."

మామయ్య కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. అది ఆయనకు అలవాటైపోయిందని చూడగానే తెలిసింది.

"ఇల్లు కదలట్లేదమ్మా," అంది ఆవిడ. "రోడ్డు దాటుతుంటే వెనక బండి హారన్ వినపడదేమోనని భయం. ఫోను మోగితే ఎత్తే ముందు, మోగిందా అని నన్ను అడుగుతాడు. నిన్న కుక్కరు దగ్గర నిలబడి, ఎన్ని కూతలొచ్చాయో చెప్పి, సరిపోయాయా అని అడిగాడు. సరిపోయాయి. అయినా నమ్మడు."

"బాగానే వింటున్నాననే అనిపిస్తుందమ్మా నాకు," అన్నాడు మామయ్య. "కానీ వినపడని దాని సంగతి వినపడని వాడికి ఎలా తెలుస్తుంది? ఈ ఇరవై రెండేళ్ళలో ఇంకెన్ని గంటలు పోగొట్టానో. మీ బావ మంచివాడు గనక ఏనాడూ పైకి అనలేదు."

నేను తల ఎత్తలేకపోయాను.

"ఆసుపత్రికి వెళ్ళాను. ఆ పెద్దావిడ దగ్గరికి. రెండుసార్లు వెళ్ళాను. నా వల్లే అమ్మా అని చెప్పాను. ఫర్వాలేదులే అంది. ఇక కర్ర లేకుండా నడవలేదట."

నేను గట్టిగా మాట్లాడలేదు. నాకు వచ్చినంత గొంతుతోనే, నేలకు చెప్పినట్టు అన్నాను. "గంట మోగలేదు మామయ్యా."

ఆయన చెయ్యి చెవి దగ్గర నుంచి కిందికి దిగింది.

"బావ తాడు లాగలేదు. నేను అబద్ధం చెప్పాను. ఆయనకు కళ్ళు సరిగ్గా కనపడవు. నీ చెవులు బాగానే ఉన్నాయి."

వంటింట్లోంచి ఆవిడ, "టీ పెట్టనా?" అని కేకేసింది. "వద్దు," అన్నాడు మామయ్య, ఆవిడకు వినపడేంత మామూలుగా. "ఆ పిల్ల వెళ్ళిపోతోంది."

లేచాను. గుమ్మం దాటుతుండగా వెనక నుంచి అన్నాడు. "నాకు చెప్తే ఏం లాభం? అక్కడ చెప్పావు కదా. పోయి అక్కడ చెప్పు."

ఇంటికి వచ్చి గంట సంగతీ, కళ్ళ సంగతీ అక్కా బావా ఇద్దరి ముందూ చెప్పేశాను. రేపు ఆఫీసుకు వెళ్తున్నానని చెప్పాను. బావ, "ఒక్కదానివే ఎందుకు, నేనూ వస్తాను" అన్నాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన గొంతు తేలిగ్గా ఉంది. అక్కకు మాత్రం ఏమీ బోధపడలేదు.

"కళ్ళేంటి? ఏ కళ్ళు?"

అక్క లేచి వెళ్ళి బావ భుజం పక్కన నిలబడి రెండు వేళ్ళు చూపించింది. "ఎన్ని?"

బావ ఎదురుగా గోడనే చూస్తూ, "చూపిస్తున్నావా?" అన్నాడు.

అక్క చెయ్యి దించలేదు. అలాగే గాల్లో ఉంచుకుని నా వైపు చూసింది.

ఆఫీసులో జరగాల్సింది జరిగింది. చక్రం పోయింది, మైకు పోయింది, ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఇంజిన్ మామయ్యను వెనక్కి పిలిచారు. ఆయన వెళ్ళాడు. తర్వాత బజార్లో ఎన్నోసార్లు ఎదురుపడ్డాడు. ఆగేవాడు కాదు. నేనూ పిలిచేదాన్ని కాదు. పెద్దావిడ ఊరి చిరునామా సంపాదించి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

కళ్ళ ఆసుపత్రిలో డాక్టరు చాలాసేపు పరీక్షించి అన్నాడు. "పోయిన చూపు తిరిగి రాదమ్మా. మిగిలింది నిలబెట్టుకోవటానికే ఈ చుక్కలు. ఒక నాలుగు నెలలు ముందు తీసుకొచ్చుంటే ఇంకా చాలా మిగిలేది."

అక్క బావ వైపు చూడలేదు. నా వైపే చూసింది. "నాలుగు నెలలు," అంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేదాకా ఇంకో మాట లేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు వడ్డించేది, నా బట్టలు ఉతికేది, జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. మాట్లాడేది కాదు. సీజను ముగిసి నదిలో ఇసుక తేలేనాటికి మేం బజారు వెనక రెండు గదుల్లోకి మారిపోయాం.

అక్కడ ఒక మధ్యాహ్నం. బావ మంచం మీద తల వెనక్కి వాల్చుకుని ఉన్నాడు. అక్క చుక్కలు వేస్తోంది. నేను సీసా మూత పట్టుకుని నిలబడ్డాను. అక్క ఉన్నట్టుండి నాతో మాట్లాడింది.

"ఒక్క సంగతి నాకు అంతుపట్టదు. ఇద్దరూ కూడబలుక్కుని మూడు నెలలు దారి తప్పకుండా నడిపించారుగా. ఆ రోజు ఏమైంది?"

శిల్పి కథ, పెద్దావిడ కళ్ళు, నలభై మంది మౌనం, అన్నీ నాలిక చివరికి వచ్చి ఆగాయి.

"అది చెప్పింది," అన్నాడు బావ, కళ్ళు మూసుకునే. "నేనే వినిపించుకోలేదు. ధ్యాస ఎక్కడో ఉంది."

అక్క నిట్టూర్చి ఆయన చెంప మీదికి జారిన చుక్క కొంగుతో తుడిచింది. చెయ్యి చాపి నా దగ్గర మూత అందుకుంది. "పోనీలే, కూర్చో, నిలబడ్డావేం" అంది నాతో. అన్ని రోజుల తర్వాత అక్క నాతో మామూలుగా అన్న మొదటి మాట అది. నేను కూర్చున్నాను.

అక్క ఇప్పటికీ అదే నిజమని నమ్ముతోంది. బావ మీద కోపమొచ్చినప్పుడల్లా, "చెప్తే వింటేగా నువ్వు! వినుంటే ఆ పెద్దావిడ కాలైనా మిగిలేది" అని దెప్పుతుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు. నేను ఆ గదిలోనే ఉంటాను.